డిమెన్షియా ఉన్న అమ్మకు చిన్న కేర్ హోమ్: రెండేళ్లు చూశాక

అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) ఉన్న మా అమ్మ రెండేళ్లకు పైగా బెంగళూరులో, హొరమావు వైపు ఒక చిన్న కేర్ హోమ్‌లో ఉంటోంది. మామూలు రెండంతస్తుల ఇల్లు. పెద్దవాళ్లు ఎనిమిది మందికి మించి ఉండరు. నెలకు 55 వేలు. పేరు రాయడం లేదు, ఇలాంటిది వెతుక్కుంటున్నవాళ్లకు ఏం చూసుకోవాలో తెలియాలని రాస్తున్నాను.

వంటిల్లు హాల్లోంచే కనిపిస్తుంది. తాలింపు వాసన వస్తే చాలు, అన్నం వేళైందని అమ్మ తనే లేచి వస్తుంది. రాత్రంతా బాత్రూమ్ లైటు వెలుగుతూ, తలుపు తెరిచే ఉంటుంది. మంచం మీంచి కమోడ్ కనబడుతుంది కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేదు. డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామందికి పొద్దువాలేసరికి కంగారు ఎక్కువవుతుంది. అమ్మ కూడా చీకటి పడుతుంటే కొంగు బిగించి "మదనపల్లె బస్సు పోతుంది, పదండి" అంటూ గేటు దగ్గరికి నడుస్తుంది. ఇక్కడెవరూ ఆమెతో వాదించరు. "టిఫిన్ తిని పోదాం లే అవ్వా" అని చిక్కుడుకాయలు ముందు పెడతారు. ఈనెలు తీస్తూ కూర్చుంటే బస్సు సంగతి మరిచిపోతుంది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది భాష. ముప్పై ఏళ్లు కన్నడ మాట్లాడిన అమ్మకు ఇప్పుడు తెలుగు తప్ప ఏదీ నోటికి రావడం లేదు. ఇక్కడి హోమ్‌లలో ఒడిశా, అస్సాం, జార్ఖండ్ నుంచి వచ్చి పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓపికగా చూస్తారు, కానీ మాట అందదు. మా అదృష్టం కొద్దీ పగలు చూసే ఆయమ్మది ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న చింతామణి ఊరు, ఇంట్లో మాట్లాడేది తెలుగే.

పోయిన ఎండాకాలం అమ్మ ఉన్నట్టుండి మనుషుల మీద చెయ్యి చేసుకోవడం, రాత్రంతా మేలుకొని అరవడం మొదలుపెట్టింది. జబ్బు ముదిరింది, నిద్రమాత్ర పెంచుదాం అన్నారు మేనేజర్. ఆయమ్మ మాత్రం నాకు ఫోన్ చేసి "అవ్వ ఒంటికి పోయేటప్పుడు మంట అంటాంది" అని చెప్పింది. పరీక్ష చేయిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ కోర్సు అయ్యేసరికి అమ్మ మళ్లీ మామూలుగా కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా ముదురుతుంది. రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే ముందు ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్తగా మొదలైన మందు, ఇవన్నీ చూడాలి. దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇక లోపాలు. రాత్రి ఎనిమిది మందికీ ఒక్కరే కేర్‌టేకర్. ఆ మనిషి ఒకరిని బాత్రూమ్‌కి తీసుకెళ్తే మిగతావాళ్లను కనిపెట్టుకునేవాళ్లు లేరు. అమ్మ అలాంటప్పుడే పడి నుదురు చిట్లింది. ఇది చిన్న విషయం కాదు, నాకు ఇప్పటికీ రాత్రి ఫోన్ మోగితే టెన్షనే. నర్సు ఉండేది పగలే. డైపర్లు, ఫిజియోథెరపీ, డాక్టర్ విజిట్ బిల్లులు వేరే. మా ఆరోగ్య బీమా నెల ఫీజు ఇవ్వదు. 70 ఏళ్లు దాటినవాళ్లకు కేంద్రం 2024లో తెచ్చిన 5 లక్షల ఆయుష్మాన్ కవరేజీ కూడా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకే. ఇంకోటి, మింగలేని పరిస్థితి వచ్చి ట్యూబ్ పెడితే ఇక్కడ ఉంచుకోరు. అగ్రిమెంట్ నాలుగో పేజీలో ఉంది ఈ మాట. మీరు సంతకం పెట్టే ముందే ఇలాంటి షరతు ఉందేమో చదవండి.

చూడ్డానికి వెళ్తే సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. రాత్రి ఎవరుంటారో, వాళ్లు ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారో అడగండి. వీలైతే ఆ మనిషితోనే కాసేపు మాట్లాడండి.

అమ్మను అక్కడి నుంచి మార్చే ఆలోచన నాకు లేదు. రాత్రికి రెండో మనిషిని పెట్టమని మిగతా కుటుంబాలతో కలిసి అడిగాం. తలా మూడు వేలు ఎక్కువ ఇస్తామంటే ఒప్పుకున్నారు. మనిషి ఇంకా దొరకలేదు. తెలుగు వచ్చినవాళ్లయితే బాగుంటుందని చెప్పి ఉంచాను, ఆయమ్మ కూడా వాళ్ల ఊళ్లో అడుగుతోంది.