తిరుపతిలో మూడు రోజులు, మామిడి తోటలో మైల్స్ డేవిస్

మాది చిత్తూరు. బెంగుళూరులో ఉండే మా పెదనాన్న కొడుకు ఆల్టో శాక్సఫోన్ వాయిస్తాడు, చెన్నై ఫ్రెండ్ ఒకడు కర్ణాటక సంగీతం నేర్చుకుని అమెరికా జాజ్ సంగీతం పిచ్చిలో పడినాడు. ముగ్గురం ఏడాదికోసారి ఎక్కడో ఒకచోట కలిసి, ఎవరికి ఏది కొత్తగా దొరికితే అది మిగతా ఇద్దరికీ వినిపిస్తాం. ఈసారి దర్శనం కూడా అవుతుందని తిరుపతి అనుకున్నాం.

మొదటి రాత్రి బస్టాండ్ దగ్గర హోటల్. రూము నీట్‌గానే ఉంది, వేడినీళ్ళు కూడా వచ్చినాయి, కానీ రాత్రంతా బస్సుల హారన్లు, దానికితోడు కరెంటు పోయి మా కిటికీ కిందనే జనరేటర్ మొదలైంది. జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ పెట్టుకున్నాం. అందులో సో వాట్ అనే ట్యూన్ మొదట్లో బిల్ ఎవాన్స్ పియానో, పాల్ ఛాంబర్స్ బేస్ ఎంత మెల్లగా వస్తాయో తెలిసినవాళ్ళకి తెలుసు, ఆ ముక్క ఒక్కటి కూడా వినపడలా. ఫోన్లో 24 గంటల చెకౌట్ అన్నోళ్ళు పొద్దున కౌంటర్లో పన్నెండుకే ఖాళీ చేయాలన్నారు, వాదించినా వినలా, సగం రోజు బాడుగ ఎక్కువ కట్టించుకున్నారు. అది చాలా బాధేసింది.

అక్కడినుంచి శ్రీనివాస మంగాపురం వైపు ఒక మామిడి తోటలో ఇంటికి మారినాం. రెండే రూములు, ఏసీ లేదు, సిగ్నల్ అంతంతమాత్రం, కానీ నిశ్శబ్దం ఉంది చూడండి, దానికే ఎంతైనా ఇవ్వచ్చు. ఆ ఇంటి అక్క రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది, ఇంకో ముద్ద వేసుకో నాయనా అని వదల్లేదు.

పొద్దున్నే శ్రీవారి మెట్టు ఎక్కినాం, 2,388 మెట్లు, అలిపిరి 3,550తో పోలిస్తే తక్కువే కానీ నిట్టనిలువు, మోకాళ్ళ నొప్పులుంటే బస్సే మంచిది. దర్శనమయ్యాక సాయంత్రం సహస్రదీపాలంకరణ, తర్వాత మాడవీధుల్లో స్వామి ఊరేగింపు. మేము ఒక మలుపులో నిలబడినాం. నాదస్వరం ఆయన మా ముందరే ఆగి, వాద్యానికి దారంతో వేలాడే రీడుల్లో (ఊదితే అదిరి శబ్దం పుట్టించే పీకలు) ఒకటి తీసి నోట్లో పెట్టుకుని తడిపి, వేళ్ళతో మెల్లగా నొక్కి చూసి బిగించినాడు. అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, శాక్సఫోన్ రీడుతో నేనూ ప్రతిరోజూ ఇదే చేస్తాను రా అని. తర్వాత ఆయన ఎత్తుకున్నది ఖరహరప్రియ రాగం అని చెన్నైవాడు గుర్తుపట్టినాడు, డోలు దెబ్బకి నా గుండె కూడా కొట్టుకుంటా ఉంది.

రాత్రి తోటలో మంచాలు వేసుకుని మళ్ళీ సో వాట్ పెట్టినాం. 1959లో న్యూయార్క్ స్టూడియోలో రికార్డైంది, నేను వందసార్లు విన్నదే. అన్న అప్పుడు చెప్పినాడు, జాజ్ వాళ్ళు డోరియన్ అనే స్వరాల వరస మన ఖరహరప్రియ స్వరాలే, ఈ ట్యూన్‌లోని 32 బార్లలో (బార్ అంటే తాళం లెక్కలో ఒక ముక్క) మొదటి 16 అదే, తర్వాత 8 అర స్వరం పైకి పోతుంది, చివరి 8 మళ్ళీ కిందికి. చెన్నైవాడు మెల్లగా సరిగమలు పాడుతా ఉంటే మైల్స్ ట్రంపెట్ దాని పక్కనే నడిచింది. మైల్స్ దగ్గర గమకాలు, అంటే స్వరాన్ని ఊపడాలు లేవు, స్వరం అట్లా నిలబడి ఉంటుంది, అంతే తేడా. ఇన్నేళ్ళు విని కూడా నాకు ఇది తట్టలేదు.

ఆ తర్వాత నేను శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్‌ని పెట్టినా. వాళ్ళ నాన్న నాదస్వర విద్వాంసుడు, ఈయన అదే గాలిని శాక్సఫోన్లోకి తెచ్చి 1994లో లండన్ బీబీసీ ప్రోమ్స్ సంగీతోత్సవంలో వాయించినాడు. అమెరికా జాజ్ శాక్సఫోన్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి చేసిన కిన్స్‌మెన్ ఆల్బమ్ 2008లో వచ్చింది, రెండు ఆల్టో శాక్సఫోన్లు ఒకదాన్ని ఒకటి తరుముకుంటాయి, వినకపోతే ఈరోజే వినండి. అన్నకి అదే కొత్త, మూడుసార్లు వేయించుకున్నాడు.

మూడో రోజు చంద్రగిరి కోట చూసినాం, రాజమహల్ బాగుంది, ఎండకి ఎక్కువసేపు ఉండలేకపోయినాం. ఆ తోట వైపు పోయేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, చీకటి పడినాక ఆటోలు దొరకవు, పగలు వచ్చిన డ్రైవర్ నంబరే తీసి పెట్టుకోండి.