క్యారియర్ టెస్ట్: మొదటిసారి వద్దన్నాను, రెండోసారి చేయించుకున్నాను

పిల్లలకి జబ్బు తెచ్చే జన్యు లోపం మనలో బయటపడకుండా దాగి ఉందేమో చూసే రక్తపరీక్షే ఈ క్యారియర్ టెస్ట్. మొదటిసారి దీన్ని వద్దన్నదాన్నే నేను. అప్పుడు గర్భంతో పదో వారం. వికారంతో కూర్చుని ఉంటే, సంతకం పెట్టాల్సిన నాలుగు కాగితాల మధ్య ఈ ఫారం కూడా పెట్టి "చేయిస్తారా, వద్దా?" అంది నర్సు. మా వాళ్లెవరికీ అలాంటి జబ్బుల్లేవు కదా అని 'వద్దు' దగ్గర టిక్ పెట్టేశాను. భయం కూడా ఉందిలెండి. ఏదైనా తేలితే అప్పుడేం చేయగలను?

రెండో బిడ్డ అనుకున్నప్పుడు, ఇంకా గర్భం రాకముందే, వేరే సెంటర్‌లో చేయించుకున్నాను. ఈ రివ్యూ దాని గురించే.

మంచి మార్కులన్నీ కౌన్సెలర్‌కి. ముప్పావు గంట ఓపిగ్గా మాట్లాడింది. "మా వైపు ఎవరికీ లేదండీ" అంటే కాగితం మీద నాలుగు గళ్లు గీసింది. క్యారియర్‌కి ఒక జన్యువు కాపీ చెడినా రెండోది పని చేస్తుంది కాబట్టి లక్షణాలు సాధారణంగా కనబడవట. అలా తరాలు గడిచిపోవచ్చు. ఇలాంటి చాలా జబ్బుల్లో భార్యాభర్తలిద్దరికీ ఒకే జన్యువులో లోపం ఉంటేనే చిక్కు: బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. "మొదటి బాబు బాగానే ఉన్నాడుగా?" అన్నాను. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటి నుంచేనట.

తర్వాత, "తేడాగా వస్తే ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగింది. ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించడం, గర్భం వచ్చాక ఉమ్మనీటి పరీక్ష, లేదా ఏమీ చేయకుండా ముందే తెలుసుకుని సిద్ధంగా ఉండటం. "అసలు తెలుసుకోవద్దనుకున్నా తప్పు లేదు" అంది. వద్దనే వీలుందని చెప్పాకే నాకు చేయించుకోవాలనిపించింది.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానంటే, రిపోర్ట్ శుక్రవారం రాత్రి నేరుగా ఫోన్‌కి వచ్చింది. ఎర్రటి అక్షరాల్లో పాజిటివ్. కండరాలు బలహీనపడిపోయే స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ అనే జబ్బుకి క్యారియర్‌ని. కౌన్సెలర్ సోమవారం దాకా దొరకలేదు. క్యారియర్ అంటే రోగి కాదని విన్నదాన్నే, అయినా రెండు రాత్రులు బాబు నడక చూస్తూ కూర్చున్నాను. ఈ జబ్బుకి సుమారు 50 మందిలో ఒకరు క్యారియర్లేనని ఆ రిపోర్ట్‌లోనే ఒక్క ముక్క రాసి ఉంటే ఏం పోయేది?

ఇంకోటి, సాధారణంగా ముందు ఆడవాళ్లకే చేస్తారు. నాకు పాజిటివ్ వచ్చాక మా ఆయన వంతు. "నాకేముంటుంది?" అని వారం నాన్చారు, రిపోర్ట్‌కి ఇంకో మూడు వారాలు. ఆ నెలంతా టెన్షన్ నాది. ఇద్దరూ ఒకే రోజు రక్తం ఇచ్చేయండి, ఇప్పటికే గర్భంతో ఉంటే మరీను.

ఆయనకి నెగెటివ్ వచ్చింది. అలాగని ముప్పు సున్నా కాదని కౌన్సెలర్ దాచలేదు. ఈ టెస్ట్ జన్యువు కాపీలు మొత్తం ఎన్నున్నాయో లెక్కపెడుతుందంతే. రెండూ ఒకే క్రోమోజోమ్ మీద ఉండి, దాని జత క్రోమోజోమ్ మీద ఒక్కటీ లేకపోయినా, లెక్క మామూలుగానే కనిపిస్తుందట. మిగిలిన ముప్పు చాలా తక్కువ, మాకది చాలు.

నాలుగు స్టార్లు. మా అక్కకి కూడా ఉండే అవకాశం సగానికి సగమని చెబితే, "ఇద్దరు పిల్లలు పుట్టాక ఇప్పుడెందుకే నాకు?" అంది. ఆ పిల్లలకీ రేపు పెళ్లిళ్లవుతాయి కదా అన్నాను. ఇంకా ఆలోచిస్తోంది.