జడ్జిపై ఫిర్యాదు ఫారం: గళ్ళతోనా, ఖాళీ కాగితమా?

జిల్లా స్థాయి జడ్జి ప్రవర్తనపై ఫిర్యాదు హైకోర్టుకే వెళ్ళాలి. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం కింది కోర్టులపై అజమాయిషీ దానిదే. మరి కక్షిదారులకు ఎలాంటి ఫారం ఇవ్వాలి?

శ్రమ: గళ్ళ ఫారం తయారీకి కష్టం, నింపడం తేలిక. ఖాళీ కాగితంతో భారమంతా రాసేవారిదే.

ఖర్చు: ఫారం ఏదైనా సరే, అఫిడవిట్ (ప్రమాణపత్రం) తప్పదు. ప్రమాణపత్రం, సరిచూడదగ్గ ఆధారం లేని ఫిర్యాదును పట్టించుకోవద్దన్నది 2014 నాటి మార్గదర్శకం.

ప్రమాదం: ఖాళీ కాగితం "తీర్పు అన్యాయం" అంటూ నిండిపోతుంది. అది అప్పీలు సంగతి, ఫిర్యాదు మూలన పడుతుంది. గళ్ళు కేసు నంబరు, తేదీ, జడ్జి అన్న మాటలు ఉన్నవున్నట్టు, అప్పుడు హాల్లో ఉన్నవారి పేర్లు రాబడతాయి. కానీ "లంచం" అని టిక్కు పెట్టినంత మాత్రాన ఆధారం కాదు.

ఏది ఎప్పుడు: జడ్జి బెంచి మీద నుంచి తిట్టడం, ఒక్కరోజు ఘటన అయితే గళ్ళు. నెలల తరబడి సాగిన లంచం బేరమైతే తేదీల వరుసతో ఖాళీ కాగితం.