పాత ఆటోమేటిక్ కారుకి "ఏటీఎఫ్ అన్నీ ఒకటే" అనే గ్యారేజీలతో జాగ్రత్త

పాత ఆటోమేటిక్ కారు ఉండి, గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) మార్పించే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ముందు ఇది చదవండి.

నా కారు మాన్యువల్‌లో రాసి ఉన్న ఫ్లూయిడ్ ఎస్‌పీ-3. మిత్సుబిషి, హ్యుందాయ్, కియా పాత ఆటోమేటిక్ బళ్లలో చాలావాటికి ఇదే. గ్యారేజీలో ఆ పేరు చెప్పి మరీ అదే పోయమన్నాను. అలాగే అన్నారు. పోసింది మాత్రం డ్రమ్ములోంచి తీసిన డెక్స్‌రాన్-3 రకం ఆయిల్, అంటే జనరల్ మోటార్స్ (జీఎం) స్పెసిఫికేషన్‌ది. బిల్లు మీద "ఏటీఎఫ్" అన్న ఒక్క ముక్కే ఉంది.

మొదట్లో తేడా తెలియలేదు, గేర్లు మెత్తగానే పడ్డాయి. ఆ తర్వాత 50-60 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే బండి మొత్తం వణకడం మొదలైంది. చదునైన రోడ్డు మీద కూడా గతుకుల మీద పోతున్నట్టు ఒకటి రెండు సెకన్లు గడగడలాడి ఆగిపోయేది. చాలామంది దీన్ని ఇంజిన్ మిస్‌ఫైర్ అనుకుని స్పార్క్ ప్లగ్గులు మార్పిస్తారు. నా బండిలో అలా వణికింది టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్‌కి, గేర్లకి మధ్య ఉండే భాగం) లాకప్ క్లచ్, అంటే ఆ రెంటినీ నేరుగా కలిపి బిగించే క్లచ్. రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచి, తర్వాత దబ్బున గేరు పడటం కూడా మొదలైంది.

వెళ్లి అడిగితే వచ్చిన జవాబు: "ఏటీఎఫ్ అన్నీ ఒకటేనండి, ఎర్రగా ఉంటే చాలు. మీ బండి పాతదైపోయింది." ఇది పచ్చి అబద్ధం. ఆ ఎరుపు కేవలం కలిపిన రంగు. కింద కారితే ఇంజిన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఈ ఫ్లూయిడ్ అరుగుదలను ఆపడం ఒక్కటే చేయదు. ఒత్తిడితో క్లచ్చుల్ని బిగించేది అదే, టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని గేర్ల వైపు పంపేదీ అదే, వేడిని మోసుకుపోయేదీ అదే. క్లచ్ ప్లేట్లు అందులో తడుస్తూనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఎంత జారాలి, ఎంత గట్టిగా పట్టాలి అన్నది చాలావరకు అందులో కలిపే ఫ్రిక్షన్ మోడిఫయర్ల (రాపిడిని సరిచేసే రసాయనాల) మీద ఆధారపడి ఉంటుంది. ఒక కంపెనీ ప్లేట్లకి కుదిరిన పాళ్లు ఇంకో కంపెనీ ప్లేట్లకి కుదరకపోవచ్చు. ఫోర్డ్ పాత టైప్-ఎఫ్‌లో ఈ మోడిఫయర్లు ఉండవు, జీఎం డెక్స్‌రాన్‌లో ఉంటాయి. చూడటానికి మాత్రం రెండూ ఎరుపే.

డెక్స్‌రాన్-3 పేరు విషయంలో ఇంకో మెలిక ఉంది. జనరల్ మోటార్స్ 2006 చివరితో దానికి లైసెన్సులు ఇవ్వడం ఆపేసి డెక్స్‌రాన్-6కి మారింది. అంటే ఇప్పుడు డబ్బా మీద కనిపించే డెక్స్‌రాన్-3 అనే మాట తయారీదారు తనంతట తాను చెప్పుకుంటున్నదే, దాని వెనక జీఎం పూచీ లేదు. అలా రాసినవన్నీ చెడ్డవని నేననను. కానీ ముందువైపు పెద్ద అక్షరాలు చూసి కొనకండి. డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. "అప్రూవ్డ్", "లైసెన్స్‌డ్" అని ఉంటే ఒక లెక్క, "సూటబుల్ ఫర్" అని ఉంటే ఇంకో లెక్క. అన్ని బళ్లకీ పనికొస్తుందని రాసే మల్టీ వెహికల్ ఫ్లూయిడ్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. తప్పనిసరైతే మీ స్పెసిఫికేషన్ పేరు అక్షరం తేడా లేకుండా ఆ జాబితాలో ఉండాలి.

"కొత్త రకం వచ్చింది, ఇంకా మంచిది" అని కూడా అంటారు. కొన్నిచోట్ల నిజమే. పాత డెక్స్‌రాన్ అడిగే తన గేర్‌బాక్సులకి డెక్స్‌రాన్-6 వాడొచ్చని జీఎం స్వయంగా చెప్పింది. హోండా కూడా జడ్-1 స్థానంలో డీడబ్ల్యూ-1 తెచ్చింది. టయోటా టైప్ టి-4, డబ్ల్యూఎస్ సంగతి అలా కాదు. డబ్ల్యూఎస్ పలచన, ఒకదాని బదులు ఇంకొకటి పోయకూడదు. ఏది దేనికి బదులో బండి కంపెనీ చెప్పాలి, కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లు కాదు. సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే గేర్‌బాక్స్) ఉన్న బండికైతే మామూలు ఏటీఎఫ్ దగ్గరికే రానివ్వకండి.

కాబట్టి లూజు ఆయిల్ వద్దనండి. సీలున్న డబ్బాలు మీ కళ్లముందే తెరిపించండి, ఖాళీ డబ్బాలు అడిగి తీసుకోండి. బిల్లు మీద బ్రాండు, స్పెసిఫికేషన్, ఎన్ని లీటర్లు అన్నవి రాయించండి. రాయడానికి వెనకాడితే బండి అక్కడ వదలకండి. నా దగ్గర ఆ వివరాలున్న బిల్లు లేకపోవడంతోనే వాళ్లు చేతులు దులుపుకున్నారు.

ఇప్పటికే తప్పు ఫ్లూయిడ్ పడి ఉంటే ఆలస్యం చేయకండి. డ్రైన్ ప్లగ్ విప్పితే సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకానే బయటికొస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, లోపలి దారుల్లో ఉండిపోతుంది. అందుకే సరైనది పోసి, కొంత నడిపి, మళ్లీ తీసి పోయాలి. ఇంకో మెకానిక్ దగ్గర అలాగే చేయించాక వణుకు పోయింది, రెండు-మూడు గేర్ల మధ్య కుదుపు మాత్రం బండి చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఉంది. లెవెల్ చూసేటప్పుడు మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. చాలా బళ్లకి ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉండగా చూడాలి, హోండాల్లో చాలావాటికి వేడెక్కాక ఇంజిన్ ఆపి చూడాలి. తీసిన ఫ్లూయిడ్ నల్లగా ఉండి మాడు వాసన వస్తుంటే, కొత్తది పోయకముందే గేర్‌బాక్స్ కింద ఉండే పాన్ విప్పించి అడుగున ఏం పేరుకుందో చూడమనండి.