రేకి, ప్రాణిక్ హీలింగ్: ఇచ్చే చేతికీ పుచ్చుకునే మనసుకూ ఏది మేలు?

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ముదిరిన ఏడాది ఆవిడకు ఇంట్లోనే ఇద్దరు హీలర్లు దొరికారు. నేను అప్పటికి, చేతులు ఆనించి శక్తిని అందిస్తామని చెప్పే జపాన్ పద్ధతి రేకిలో రెండో డిగ్రీ, అంటే రెండో మెట్టు శిక్షణ, పూర్తిచేశాను. మా చిన్న తోడికోడలు, తాకకుండానే ప్రాణశక్తితో బాధ తగ్గిస్తామని చెప్పే ప్రాణిక్ హీలింగ్ నేర్చుకుంది. రోజూ సాయంత్రం దీపం పెట్టాక నేను ఆవిడ మోకాళ్ళ మీద రెండు చేతులూ ఆనించి అరగంట కూర్చునేదాన్ని. తోడికోడలు ఆదివారాలు వచ్చేది. పక్కన ఉప్పునీళ్ళ గిన్నె పెట్టుకుని, కాలిని తాకకుండా, జానెడు దూరంలో గాలిలోనే చేతులు కదిలించేది. ఒకరోజు అత్తగారు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఈ రెండింటిలో ఏది మేలో మీరే తేల్చి చెప్పండమ్మా, నేను అదే చేయించుకుంటాను" అన్నారు.

ఆ రోజు నేను రేకియే మేలని తడుముకోకుండా చెప్పాను. ఇప్పుడైతే అంత తొందరగా చెప్పను. ఇన్నేళ్ళలో చేయి ఆనించిన అనుభవమూ, ఇతరుల చేతుల కింద కూర్చున్న అనుభవమూ ఆ జవాబును చాలా మార్చాయి.

రేకిలో ఇచ్చేవారు కర్తలు కారు. జపాన్‌కు చెందిన మికావో ఉసుయి (1865–1926) క్యోటో దగ్గరి కురామా కొండ మీద ఇరవైఒక్క రోజులు ఉపవాసదీక్షలో ఉండి, 1922లో ఈ శక్తిని పొందారని సంప్రదాయం చెబుతుంది. ఆయన శిష్యులకు నేర్పిన ఐదు సూత్రాలలో ఒక్క రోగం పేరూ కనిపించదు. ఈ ఒక్కరోజు కోపపడకు, దిగులు పడకు, కృతజ్ఞతతో ఉండు, నీ పని శ్రద్ధగా చెయ్యి, అందరిపట్లా దయతో ఉండు. ఇవన్నీ ముందుగా హీలర్ తన మనసుకు చెప్పుకోవలసినవే. శక్తి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళుతుందనీ, మన చేయి కాలువ మాత్రమేననీ రేకి గురువులు చెబుతారు. ఈ భావం నన్ను ఎంతో తేలికపరిచింది. కాలువ నీటిని తనదని చెప్పుకోలేదు కదా. ఎవరికైనా ఉపశమనం కలిగితే నా గొప్పేమీ లేదు. సాయంత్రానికి నేను అలసిపోయి కూలబడే పనీ లేదు.

అయితే ఇందులో ఒక లోపముంది. ఏమీ జరగకపోయినా కాలువను ఎవరూ నిలదీయరు. "శక్తికి తెలుసు, దాని సమయం దానిది" అని నేనే ఎన్నోసార్లు అన్నాను. నొప్పితో ఉన్న మనిషికి ఆ మాట సమాధానం కాదు.

ప్రాణిక్ హీలింగ్ స్వభావం వేరు. దీన్ని రూపొందించిన చోవా కోక్ సుయి (1952–2007) ఫిలిప్పీన్స్‌లో పుట్టిన చైనా సంతతివారు, చదువురీత్యా కెమికల్ ఇంజనీరు. 1987లో తొలి పుస్తకం వెలువరించారు. ఆ ఇంజనీరు పద్ధతి ప్రతి అడుగులోనూ కనిపిస్తుంది. ముందు శరీరానికి దగ్గరగా చేయి కదిలిస్తూ శక్తిలో తేడాను పసిగట్టే స్కానింగ్, తరువాత మలినశక్తిని ఊడ్చి ఉప్పునీళ్ళలో వదిలేయడం, ఆపైన ప్రాణశక్తిని నింపడం. పసిపిల్లలకూ వృద్ధులకూ గర్భిణులకూ తక్కువ శక్తి ఇవ్వాలనే జాగ్రత్తలు ఉన్నాయి. హీలింగ్ తరువాత పన్నెండు గంటల దాకా స్నానం చేయవద్దని కూడా చెబుతారు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఇది వైద్యానికి తోడే కానీ ప్రత్యామ్నాయం కాదని వారి పుస్తకాలే చెప్పడం. నేను రేకి నేర్చుకున్నచోట ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు. ఆ విషయంలో నా తోడికోడలి చదువు నా చదువుకన్నా మేలైనది.

ప్రమాదం స్కానింగ్ దగ్గర ఉంది. చేతికి ఏదో తగిలిందనిపించగానే దాన్ని నోటితో చెప్పాలనే కోరిక పుడుతుంది. తోడికోడలు ఊళ్ళో లేని ఒక ఆదివారం ఆమెకు తెలిసిన మరో హీలర్ వచ్చారు. మోకాలి దగ్గర మొదలుపెట్టి, గుండె చక్రం దగ్గర ఆగి, "మీ ఇంట్లోనే ఎవరో మీమీద ద్వేషం పెట్టుకున్నారు" అని చెప్పి వెళ్ళిపోయారు. మా అత్తగారు నెలరోజులు సరిగా నిద్రపోలేదు. నేను తెచ్చిచ్చిన కాఫీ గ్లాసును కూడా ఒక క్షణం తేరిపార చూసి తాగేవారు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఆయన నొప్పి తీయడానికి వచ్చి, లేని భయాన్ని ఇంట్లో వదిలి వెళ్ళారు.

చేతికి నిజంగా ఏమైనా తెలుస్తుందా? అమెరికాలో థెరప్యూటిక్ టచ్ అనే, తాకకుండా చేతులతో శక్తిని సరిచేస్తామనే సోదర పద్ధతి మీద ఒక తొమ్మిదేళ్ళ బాలిక, ఎమిలీ రోసా, చేసిన చిన్న పరీక్ష 1998లో పేరున్న వైద్య పత్రికలో అచ్చయింది. హీలర్లు అడ్డుగా ఉన్న అట్ట కింది నుంచి రెండు చేతులూ చాపుతారు. ఆ పాప తన చేతిని వారి చేతుల్లో ఒకదాని పైన, తాకకుండా, పెడుతుంది. అది ఏ చేతి మీద ఉందో చెప్పాలి. 21 మంది హీలర్లు 280 సార్లు ప్రయత్నిస్తే 44 శాతం సార్లే సరిగ్గా చెప్పారు. కళ్ళు మూసుకుని ఊహించినా సగం సరిపోతాయి. అది చదివాక నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. నా అరచేతుల్లో వెచ్చదనం ఇప్పటికీ తెలుస్తుంది. కానీ దాన్ని రోగనిర్ణయంగా ఎవరికీ చెప్పను. రేకి చేసేవారైనా, ప్రాణిక్ చేసేవారైనా ఈ ఒక్క సంయమనం పాటించనివారి దగ్గరికి వెళ్ళవద్దనే చెబుతాను.

మరి ఇదంతా వృథాయేనా? కాదని నా నమ్మకం. 2008లో హార్వర్డ్ పరిశోధకుడు టెడ్ కాప్‌చుక్ బృందం ప్రచురించిన అధ్యయనాన్ని హీలర్లందరూ చదవాలి. పేగుల అలజడితో, అంటే ఐబీఎస్‌తో బాధపడుతున్న 262 మందిని మూడు జట్లుగా చేశారు. ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవారిలో 28 శాతం మంది తగినంత ఉపశమనం కలిగిందన్నారు. చర్మంలో దిగని ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ సూదులు పెట్టించుకున్నవారిలో 44 శాతం మంది ఆ మాటన్నారు. అదే ఉత్తుత్తి సూదికి తోడు ఓపికగా విని, ఆప్యాయంగా మాట్లాడినప్పుడు 62 శాతం మంది అన్నారు. సూది మారలేదు, మనిషి తీరు మారింది. నేను చేతులు ఆనించే అరగంటలో ఏ శక్తి ప్రవహిస్తుందన్న వాదన పక్కన పెట్టినా, ఆ తీరు మాత్రం నా చేతుల్లోనే ఉంది. తొందర లేకుండా కూర్చోవడం, ఫోను పక్క గదిలో పెట్టడం, అవతలివారు మాట్లాడితే వినడం, మాట్లాడకపోతే అడగకపోవడం. అయితే ఇక్కడ చెప్పుకున్నది రోగి అనుభవించే బాధ సంగతి. దీన్ని చూపి కణితి కరుగుతుందని ఎవరూ అనకూడదు.

పుచ్చుకునేవారి వైపు నుంచి చూస్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు సంపూర్ణ విశ్వాసంతో అన్నీ వదిలేసి వస్తారు, కొన్నిసార్లు మాత్రలు కూడా. మరొకరు పరీక్షించడానికే వస్తారు. నాకు రెండోవారే నయమనిపిస్తారు. వారికి హాని జరగదు. మొదటివారి విశ్వాసం వారి మీదే బరువై కూర్చుంటుంది. నయం కాకపోతే "నేను సరిగా నమ్మలేదేమో" అని తమనే నిందించుకుంటారు. ఎదురుచూపు మేలే చేస్తుందని అనుకుంటాం కానీ, అది అంత సూటిగా ఉండదు. గుండెకు బైపాస్ చేయించుకున్న 1,802 మందిపై అమెరికాలో జరిగిన ప్రార్థన అధ్యయనం 2006లో వెలువడింది. తమకోసం తప్పక ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో 59 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. ప్రార్థిస్తున్నారో లేదో తెలియకుండా ప్రార్థన పొందినవారిలో ఇది 52 శాతం. కారణం స్పష్టంగా తేలలేదు. అయినా ఆ అంకెలు చూసినప్పటి నుంచి "మీకు తప్పక తగ్గుతుంది" అని చెప్పడం మానేశాను.

ఇక డబ్బు. ఇక్కడే రెండు లోకాలు ఎదురుపడతాయి. రేకిని హవాయికి తెచ్చిన హవాయో తకతా (1900–1980) ఇతరులకు రేకి నేర్పే అర్హతనిచ్చే మాస్టర్ శిక్షణకు పదివేల డాలర్లు తీసుకునేవారు. ఉచితంగా ఇచ్చినదాన్ని మనిషి గౌరవించడని ఆవిడ నమ్మకం. మన ఊళ్ళలో నమ్మకం దీనికి సరిగ్గా వ్యతిరేకం. తేలు మంత్రం వేసేవారైనా, కామెర్లకు పసరు పోసేవారైనా పైసా ముట్టరు, ముడితే పని చేయదంటారు. హైదరాబాద్‌లో మృగశిర కార్తెకు బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదమూ ఉచితమే. పుట్టుకతో నేను ఈ రెండో లోకానిదాన్ని. అయినా బయటివారి విషయంలో ముందుగా చెప్పిన చిన్న రుసుమే మేలని ఇప్పుడు అనుకుంటున్నాను. ఉచితంగా పుచ్చుకున్నవారు మొహమాటంతో "చాలు" అని చెప్పలేరు. రుసుము ఇచ్చినవారు ప్రశ్నించగలరు, ఆపేయగలరు. అయితే ఆ రుసుము కూర్చున్న సమయానికి మాత్రమే. ఫలితానికి ధర కట్టేవారిని, క్యాన్సర్, మధుమేహం తగ్గిస్తామని బోర్డు పెట్టేవారిని మీ గుమ్మం ఎక్కనివ్వకండి. అలాంటి ప్రకటనలను 1954 నాటి మాయా చికిత్సల చట్టమే నిషేధిస్తుంది.

కాబట్టి ఇచ్చేవారి మనసుకు రేకి మేలు, ఇచ్చేవారి చేతికి ప్రాణిక్ హీలింగ్ జాగ్రత్తలు మేలు. నేను ఇప్పుడు రేకియే చేస్తాను, కానీ కూర్చునే ముందు నా తోడికోడలిలాగా "డాక్టరు ఏమన్నారు?" అని అడుగుతాను.

మా అత్తగారు మాత్రం మా ఇద్దరి తీర్పు కోసం ఆగలేదు. "నీ దగ్గర నిద్ర పడుతోంది, దాని దగ్గర ధైర్యం వస్తోంది. మోకాలు డాక్టరుకు చూపిస్తాను" అన్నారు. కీలు మార్పిడి ఆపరేషన్ అయిన రాత్రి నేను నుదుటి మీద చేయి ఆనించి కూర్చున్నాను. తోడికోడలు కాళ్ళ దగ్గర స్టూలు వేసుకుంది. అత్తగారు నర్సు ఇచ్చిన మాత్ర కోసం ఒకసారి లేచారు. మళ్ళీ కళ్ళు మూసుకుంటూ, "చెయ్యి తీయకు" అన్నారు.