విజయనగరంలో హోమ్ నర్సింగ్ ఏజెన్సీ సర్వీస్, మనిషిని పెట్టుకునే ముందు చదవండి (5కి 2)

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ చేసేటప్పటికి ముక్కుకి రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి పాలు పోసే గొట్టం), యూరిన్ బ్యాగు, రెండు పూటలా ఇన్సులిను. అమ్మ ఒక్కర్తీ చెయ్యలేదు, నేను ఉద్యోగానికి వెళ్ళాలి, అందుకే విజయనగరంలోనే ఒక హోమ్ నర్సింగ్ ఏజెన్సీ వాళ్ళ ద్వారా 24 గంటల మనిషిని పెట్టుకున్నాం. ఏజెన్సీ పేరు రాయట్లేదు, మా బంధువులకి శ్రీకాకుళంలో వేరే ఏజెన్సీతో అయిన అనుభవం కూడా దాదాపు ఇలాగే ఉంది కాబట్టి పేరు కంటే ఏం చూసుకోవాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగం. నేనిచ్చే 2 స్టార్లు రెండోసారి వచ్చిన అక్కవి. ఏజెన్సీకి విడిగా ఇవ్వాలంటే ఒక్కటి కూడా ఇవ్వను.

ఫోన్లో "జీఎన్‌ఎం చేసిన సిస్టర్‌ని పంపిస్తామండీ, ట్యూబు ఫీడింగు, ఇంజెక్షన్లు అన్నీ చూసుకుంటుంది" అన్నారు. జీఎన్‌ఎం అంటే నర్సింగ్ డిప్లొమా. నెల డబ్బులు ముందే, పైన డిపాజిట్టు. వచ్చింది తెర్లాం వైపు నుంచి ఇంటర్ మధ్యలో ఆపేసిన అమ్మాయి. మంచి పిల్ల, అబద్ధం కూడా ఆడలేదు, అమ్మ అడగ్గానే "నాకు ట్యూబులో పాలు ఎలా పొయ్యాలో ఒకసారి చూపించారు అమ్మగారూ, అంతే" అని చెప్పేసింది. మొదటి రోజే నాన్నని పూర్తిగా పడుకోబెట్టి పాలు పోస్తుంటే పొలమారి దగ్గు. తల వైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తి పెట్టి పొయ్యాలి, పోశాక కూడా అరగంట నుంచి గంట అలాగే ఉంచాలి, లేకపోతే పాలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చే ప్రమాదం ఉంది. హాస్పిటల్లో స్టాఫ్ నర్సు అమ్మకి చెప్పి పంపింది కాబట్టి ఆపగలిగాం. ఆ మాట తెలియని ఇంట్లో అయితే ఏమయ్యేదో ఆలోచిస్తేనే భయం వేస్తుంది.

ఇన్సులిన్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఇది షుగర్ పేషెంట్లున్న అందరికీ పనికొస్తుంది. మన మెడికల్ షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 రకం, అంటే 1 ఎంఎల్‌లో 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 రకం కూడా ఉంటుంది, దానికి ఆరెంజ్ మూత సిరంజి. ఇవి రెండూ మారితే ప్రమాదం. మా ఇంట్లో సీసా 40ది, ఒక రోజు తెచ్చిన సిరంజిలు ఆరెంజ్ మూతవి, ఆ అమ్మాయి డాక్టర్ రాసినట్టే 20 గీత దాకా లాగి ఇచ్చింది, అంటే నాన్నకి అందింది 8 యూనిట్లే. షుగరు ఎందుకు దిగట్లేదో మాకు అర్థం కాలేదు, డాక్టర్ డోసు పెంచుదామనే దాకా వచ్చింది, ఆయనే సిరంజి చూపించమంటే బయటపడింది. అదే తిరగబడి 100 సీసాకి ఎర్ర మూత సిరంజి వాడి ఉంటే రెండున్నర రెట్లు డోసు లోపలికి పోయేది, షుగరు పడిపోయి మనిషి దక్కేవాడు కాదేమో. నర్సింగ్ చదివిన మనిషికి ఇది మొదట్లో నేర్పే పాఠం. ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు, నేర్పకుండానే మా ఇంటికి సిస్టర్ అని పంపారు. కోపం ఆ అమ్మాయి మీద రాలేదు, పంపినవాళ్ళ మీద వచ్చింది.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే "మార్చేస్తాం సార్" అన్నారు, మార్చడానికి వారం దాటింది. మధ్యలో వచ్చి చూసినవాళ్ళు లేరు, ఏం ఇస్తున్నారు ఎప్పుడు ఇస్తున్నారు రాసే పుస్తకం లేదు, ఒకరు వెళ్ళి ఇంకొకరు వస్తే కొత్తవాళ్ళకి ఏదీ తెలీదు.

రెండోసారి వచ్చిన అక్కది సీతంపేట దగ్గర పల్లె, విశాఖలో ఒక పెద్ద హాస్పిటల్లో కొన్నేళ్ళు అటెండర్‌గా చేసిందట. వచ్చిన రోజే నాన్నని పక్కకి తిప్పి నడుం కింద చూసి "ఎర్రబడిపోనాది బావూ, ఇంక ఎల్లకిలా ఉంచకండి" అంది. వేలితో నొక్కితే తెల్లబడాలి, తెల్లబడట్లేదు, అంటే పుండు మొదలైనట్టే. ఎయిర్ బెడ్ ఉన్నా సరే రెండు గంటలకోసారి తిప్పాల్సిందే అని గోడ మీద క్యాలెండర్లో టైము వేసి పక్కన కుడికి "కు", ఎడమకి "ఎ" అని రాసుకునేది. యూరిన్ బ్యాగు మంచం మీద పెట్టనిచ్చేది కాదు, నడుముకి కిందే వేలాడాలి, నేలకి తగలకూడదు. పుండు పడకుండా ఆగింది ఆవిడ వల్లే, ఇంట్లో మేమందరం ఆవిడకి రుణపడి ఉన్నాం.

అయితే ఆలోచించండి, రెండు గంటలకోసారి రాత్రంతా తిప్పి మళ్ళీ పగలంతా చేసే మనిషి ఎప్పుడు నిద్రపోతుంది? 24 గంటల డ్యూటీ అని ఏజెన్సీ ఒక్క మనిషినే పంపుతుంది. రాత్రి అమ్మ, నేను వంతులేసుకున్నాం కాబట్టి అక్కకి కాస్త నిద్ర దొరికింది. మేమిచ్చే డబ్బులో తన చేతికి సగం కూడా రాదని చెప్పింది. ఇంకోటి, ముక్కూ మొహం తెలియని మా ఇంట్లో ఒక ఆడమనిషిని రాత్రీ పగలూ ఉంచుతూ ఏజెన్సీవాళ్ళు ఒక్కసారైనా మా ఇల్లు ఎలాంటిదో చూడ్డానికి రాలేదు. పేషెంటు సేఫ్టీ ఎంత ముఖ్యమో వీళ్ళ సేఫ్టీ కూడా అంతే ముఖ్యం, పని మనిషిని అలిసిపోయేలా చేసి పేషెంటుని బాగా చూడమంటే కుదరదు.

డిపాజిట్ కోసం ఆఫీసుకి వెళ్ళి మీకు లైసెన్సు ఉందా అని అడిగాను. గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు చూపించారు, చూస్తే ఉద్యం రిజిస్ట్రేషన్. అది చిన్న వ్యాపారం ఏదైనా పెట్టుకున్నవాళ్ళు ఆన్‌లైన్లో తీసుకునేది, అందులో నర్సు చదివిందా లేదా చూసేవాళ్ళు ఉండరు. మన రాష్ట్రంలో ప్రైవేటు హాస్పిటళ్ళకి, నర్సింగ్ హోములకి 2002 చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అదే ట్యూబులు, ఇంజెక్షన్లు ఇంట్లో మంచం పక్కకి రాగానే పంపినవాళ్ళని నువ్వెవరని అడిగే మనిషి మాకు కనపడలేదు. టిఫిన్ సెంటర్‌కి కూడా ఫుడ్ రిజిస్ట్రేషన్ అడుగుతారు కదా. పెద్దవాళ్ళ పోషణ కోసం ఉన్న 2007 చట్టాన్ని మార్చడానికి 2019 డిసెంబర్లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, అందులో ఇంటికొచ్చి సేవ చేసే ఏజెన్సీలకి కూడా రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉన్నాయి, అది పాసవలేదు, 2024లో ఆ లోక్‌సభ ముగియడంతో బిల్లూ పోయింది. మా పెద్దమ్మ కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు, అక్కడ ఇంటికొచ్చి ఒళ్ళు తుడిచే, స్నానం చేయించే సర్వీసు కూడా కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర రిజిస్టర్ అవ్వకుండా నడపడం నేరం, తనిఖీ చేసి ఇచ్చిన రేటింగు ఎవరైనా ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. మనకీ అలాంటిది కావాలి, జిల్లాకి కనీసం ఒక అధికారి వీటిని చూడాలి, నేను గట్టిగా కోరుకునేది ఇదే.

అది వచ్చేదాకా మీరే అడగండి. సిస్టర్ అంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, జీఎన్‌ఎం అయినా, దానికంటే చిన్న నర్సింగ్ కోర్సు ఏఎన్‌ఎం అయినా అది ఉంటుంది. అటెండర్ అయితే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లేదా హోమ్ హెల్త్ ఎయిడ్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉందా చూడండి, ఇంజెక్షన్లు అటెండర్ చేత ఇప్పించకండి. పోలీస్ వెరిఫికేషన్ కాపీ తీసుకోండి. మనిషిని మార్చాల్సి వస్తే ఎన్ని గంటల్లో పంపుతారో కాగితం మీద రాయించుకోండి. రోజువారీ నోట్‌బుక్ మీరే కొని మంచం దగ్గర పెట్టండి, ఆ 100 రూపాయలు దండగ కాదు. సంతకం పెట్టే పేపరు మొత్తం చదవండి, మా పేపర్లో చివర చిన్న అక్షరాల్లో "పేషెంటుకి ఏం జరిగినా సంస్థకు సంబంధం లేదు" అని ఉంది. డబ్బు తీసుకుని చేసే సర్వీసు కాబట్టి ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకి వస్తుంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కేసుకి ఫీజు కూడా లేదు. పెద్దవాళ్ళకి ఏ ఇబ్బంది అయినా 14567 ఎల్డర్ లైన్ ఉంది.

మా డిపాజిట్ ఇంకా ఇవ్వలేదు, 1915లో కంప్లైంట్ పెట్టాను, సిరంజి ఫోటో, రసీదు, అక్క రాసిన క్యాలెండర్ పేజీ అన్నీ జత చేశాను. ఏం జవాబు వచ్చినా ఈ రివ్యూలోనే రాస్తాను.