పండగ ముందు పేజీ పోయింది: ‘పీఆర్ ప్యాకేజీ’ కొనేవాళ్ళు జాగ్రత్త

గోదావరి జిల్లాల్లో ఇంట్లోనో చిన్న కొట్లోనో ఏదో ఒకటి తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాలాగా వాళ్ళ పేజీలు చూసుకునేవాళ్ళు మరీ చదవండి. ఎందుకంటే ఈ ‘పీఆర్ ప్యాకేజీ’ (డబ్బు తీసుకుని మన పేజీకి ప్రచారం చేసిపెడతామనే బేరం) కొని బోల్తా పడింది ఏమీ తెలియని మనిషి కాదు, 5 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న నేను.

నేనుండేది అమలాపురంలో. బండార్లంకలో ఒక చేనేత చీరల కొట్టు, కడియంలో ఒక నర్సరీ, ఆత్రేయపురంలో ఒక పూతరేకుల ఇల్లు, ఇంకో రెండు చిన్న పేజీలు నా చేతిలో ఉంటాయి. కార్డు మీద ‘పీఆర్ అండ్ సోషల్ మీడియా’ అని గొప్పగానే వేయించాను గానీ పోస్టర్ చేసేదీ, రీల్ తీసేదీ, రాత్రి 11 గంటలకి ‘బాక్స్ ఎంతండీ’ అని అడిగినవాళ్ళకి జవాబిచ్చేదీ నేనే. మా అమ్మ దృష్టిలో ఇప్పటికీ నేను పొద్దస్తమానం ఫోన్ చూసుకుంటూ కూర్చునే మనిషిని.

ఈ పనిలో ఆఫీసు ఉండదు, పక్క కుర్చీలో మనిషి ఉండడు. అందుకే మాలాంటి వాళ్ళందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూప్‌లో ఉండేవాళ్ళం. నిజం చెప్పాలంటే మంచి గ్రూపే. రీచ్ (పోస్ట్ ఎంతమందికి చేరిందన్న లెక్క) ఎందుకు పడిపోయింది, డబ్బులు ఎగ్గొట్టే క్లయింట్‌ని ఎలా అడగాలి, ఏ పండక్కి ఏ పోస్ట్ పెట్టాలి, అన్నీ అక్కడే నడిచేవి. ఆ గ్రూప్‌లో ఒక అడ్మిన్ వారానికోసారి ఒకే ప్రచార సంస్థని పొగిడేవాడు. ‘మా క్లయింట్‌కి 3 నెలల్లో అమ్మకాలు రెట్టింపు’ అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాడు. కింద పదిమంది చప్పట్లు. ఒక్కో కస్టమర్‌ని పంపినందుకు ఆ అడ్మిన్‌కి 20 శాతం ముడుతుందని నాకు తర్వాత తెలిసింది.

సంక్రాంతికి 2 నెలల ముందు ఆ సంస్థతో మాట్లాడాను. ఆఫీసు హైదరాబాద్ అన్నారు. ప్యాకేజీ 45,000 రూపాయలు. అందులో 25 వేల మంది ఫాలోయర్లు, ఇన్‌స్టాకి బ్లూ టిక్ (ఖాతా అసలైనదే అని చూపే గుర్తు), ‘నేషనల్ మీడియా’లో 6 వార్తలు, గూగుల్‌లో 50 రివ్యూలు, ప్రకటనలకి వాళ్ళే పెట్టే 20,000. లెక్క వేస్తే చవకే అనిపించింది. పూతరేకులు చేసే పిన్నిని నేనే ఒప్పించాను. ఆవిడ దగ్గర 12 మంది ఆడవాళ్ళు పనిచేస్తారు, పండగ నెలలో వచ్చే డబ్బే వాళ్ళకి ఏడాదిలో పెద్ద డబ్బు. ‘నువ్వు చెప్తున్నావు కాబట్టి ఇస్తున్నాను రా అబ్బాయ్’ అని అడ్వాన్స్ 30,000 ఫోన్ పే చేసింది. ఈ మాట నాకు ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తుంది.

మొదటి వారంలోనే ఫాలోయర్లు 1,400 నుంచి 26 వేలకి పోయారు. పిన్ని వీధంతా చెప్పుకుంది. నేను ఇన్‌సైట్స్ (పేజీ లెక్కలు చూపే చోటు) తెరిచి చూద్దును కదా, ఏ ఊళ్ళ నుంచి ఎక్కువమంది ఉన్నారో అక్కడ జకార్తా, ఢాకా, సావోపాలో! రాజమండ్రి ఐదో స్థానంలోకి దిగింది. పూతరేకులు బస్సులో విజయవాడ వెళ్ళేసరికే అంచులు విరుగుతాయి, సావోపాలోకి ఎవరు పంపుతారండీ?

సరే, అంకె పెరిగింది, నష్టం ఏముందిలే అనుకునేవాళ్ళు ఉంటారు. నష్టం అక్కడే ఉంది. మనం పెట్టిన రీల్‌ని ఇన్‌స్టా మొదట కొంతమందికి చూపిస్తుంది, అందులో మన ఫాలోయర్లూ ఉంటారు. వాళ్ళు ఆగి చూస్తే ఇంకొంతమందికి పంపుతుంది. చూడకపోతే అక్కడే ఆపేస్తుంది. మనుషులే కాని ఫాలోయర్లు ఏం చూస్తారు? అంతకుముందు తిరగేసిన కుండ మీద జయ బియ్యం పిండిలో తడిపిన గుడ్డ ఇలా లాగగానే రెప్పపాటులో రేకు లేచే వీడియో పెడితే 9 వేల మంది చూశారు. ప్యాకేజీ తర్వాత అలాంటిదే పెడితే 300 దాటలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది.

తర్వాత వార్తలు. ఆరింటిలో రెండు వచ్చాయి, రెండూ ఎవరూ పేరు వినని వెబ్‌సైట్లలో, రెండూ ఇంగ్లీషులో. ఒకదాంట్లో ఆత్రేయపురం కృష్ణా తీరాన ఉందని రాశారు. ఆ లింక్ ఊరి గ్రూప్‌లో పెడితే ఒక పెద్దాయన, ‘ఆయ్, మనం ఎప్పుడు కాపురం మార్చామండీ’ అని అడిగారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఈ మిఠాయి గురించి వార్త రాయడానికి అంతకంటే పెద్ద విషయం ఏముంది? ఆ ముక్క ఒక్కచోటా లేదు. పేజీ చివర చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇది చెల్లించిన కంటెంట్, మా సంపాదక వర్గానికి సంబంధం లేదు’ అని మాత్రం ఉంది. అంటే అది వార్త కాదు, ప్రకటన. ప్రకటన కొనుక్కోవడం తప్పేం కాదు, దాన్ని వార్త అని అమ్మడం తప్పు. (తమాషా ఏంటంటే, తర్వాత ఒక లోకల్ విలేకరికి ఫోన్ చేసి ‘కుండల దగ్గరికి వచ్చి ఒకసారి చూడండి’ అంటే ఆయన వచ్చి ఫొటోతో సహా రాశాడు. ఖర్చు 2 కాఫీలు.)

బ్లూ టిక్ గురించి కూడా చెప్పాలి. ‘మాకు మెటాలో (ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌ల కంపెనీ) మనిషి ఉన్నాడు, స్పెషల్ కోటా’ అన్నారు. కోటా లేదు, ఏమీ లేదు. 2023 జూన్ నుంచి మన దేశంలో ఎవరైనా గుర్తింపు కార్డు చూపించి నెలనెలా డబ్బు కట్టి తీసుకోవచ్చు. మొదలైనప్పుడు ఫోన్‌లో నెలకి 699 రూపాయలు. దానికి వీళ్ళు మా బిల్లులో వేసింది 8,000. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసీ అడగలేదు, ప్యాకేజీ మొత్తం మీద చూసుకుందాంలే అనుకున్నాను. అది నా బుద్ధి తక్కువ.

రివ్యూల సంగతి మీరే చూడండి. ‘రూమ్ సర్వీస్ చాలా బాగుంది’, ‘ఇక్కడ బిర్యానీ తప్పక తినాలి’. పూతరేకుల కొట్టుకి! పది రోజుల్లో గూగుల్ వాటిని తీసేసింది, కొన్నాళ్ళు కొత్త రివ్యూలు రాయడానికే లేకుండా చేసింది. నిజంగా కొనుక్కుని తిన్నవాళ్ళు పండగ సీజన్‌లో నాలుగు మంచి మాటలు రాద్దామన్నా కుదరలేదు.

ఇక ప్రకటనల డబ్బు. 20,000లో ఎంత పెట్టారని అడిగితే ఒక డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్ పంపారు. పైన పేరు కత్తిరించి ఉంది, తేదీ చూస్తే పోయిన ఏడాదిది. అప్పుడు మెటా యాడ్ లైబ్రరీ తెరిచాను. ఇది అందరికీ ఉచితం. ఏ పేజీ పేరు కొట్టినా ఆ పేజీ తరఫున ఇప్పుడు నడుస్తున్న ప్రకటనలు కనిపిస్తాయి. రోజూ చూశాను. ఒకే ఒక ప్రకటన, 4 రోజులు నడిచి ఆగిపోయింది. మీ డబ్బుతో ప్రకటనలు వేస్తున్నాం అని మీకు ఎవరైనా చెప్తుంటే ఇవాళే అక్కడ మీ పేజీ పేరు కొట్టి చూడండి.

లెక్క తేలేదాకా మిగతా 15,000 ఇవ్వనన్నాను. అసలు దెబ్బ అప్పుడు తగిలింది.

మొదట్లో ‘పని వేగంగా జరగాలంటే ఫుల్ కంట్రోల్ ఇవ్వండి సార్’ అంటే ఫేస్‌బుక్ పేజీకి పూర్తి అధికారం ఇచ్చాను, ఇన్‌స్టా పాస్‌వర్డ్ కూడా ఇచ్చాను. వాళ్ళు పేజీని వాళ్ళ బిజినెస్ ఖాతా కిందికి చేర్చుకున్నారు. ఇన్‌స్టాకి మెయిల్, ఫోన్ నంబర్ మార్చేశారు. మా గొడవ జరిగిన రాత్రే నన్నూ పిన్నినీ ఇద్దరినీ తీసేశారు. పొద్దున్న లేచేసరికి మా పేజీ మాకే, బయటి మనుషులకి కనిపించినట్టు కనిపిస్తోంది. అప్పటికి సంక్రాంతికి 19 రోజులుంది. హైదరాబాద్, బెంగళూరు నుంచి ఆర్డర్లు ఇచ్చేవాళ్ళంతా ఇన్‌బాక్స్‌లోనే మాట్లాడతారు, పాత కస్టమర్ల చిరునామాలు కూడా అందులోనే ఉన్నాయి. ఫోన్ నంబర్ తెలిసినవాళ్ళు కొంతమంది ఫోన్ చేశారు. మిగతావాళ్ళు ‘జవాబివ్వట్లేదు, పొగరు పెరిగింది’ అనుకుని వేరేచోట కొనుక్కున్నారు. పిన్ని ఆ నెల ఐదుగురిని పనికి రావద్దని చెప్పాల్సి వచ్చింది.

బయటి ఏజెన్సీకి పని ఇవ్వాలంటే పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. మీ పేజీ మీ సొంత బిజినెస్ ఖాతాలోనే ఉంచుకుని, వాళ్ళని పార్ట్‌నర్‌గా చేర్చి, పోస్ట్ పెట్టడం, ప్రకటన వేయడం వరకే అనుమతి ఇవ్వచ్చు. వద్దనుకున్న రోజు ఒక్క నొక్కుతో తీసేయచ్చు. టూ ఫ్యాక్టర్ కోడ్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో కోడ్) వచ్చే ఫోన్ ఓనర్ దగ్గరే ఉండాలి, నాలాంటి మేనేజర్ దగ్గర కూడా వద్దు. ఇప్పుడు నా క్లయింట్లందరి దగ్గరా ఇలాగే మార్చాను. నర్సరీ ఆయన ‘ఇన్నాళ్ళూ తాళం నీ దగ్గరే ఉందా’ అని ఆశ్చర్యపోయాడు, నాకు సిగ్గేసింది.

గ్రూప్‌లో ఇదంతా పెట్టాను. 10 నిమిషాల్లో మెసేజ్ డిలీట్, అరగంటలో నేనూ బయటికి. కానీ ఆ 10 నిమిషాల్లో చదివినవాళ్ళు విడిగా మెసేజ్ చేశారు. నరసాపురం వైపు లేసు అమ్మే ఒకామెకి, భీమవరంలో రొయ్యల మేత డీలర్ దగ్గర పనిచేసే కుర్రాడికి ఇదే అనుభవం. ఇద్దరూ ‘మనకే జరిగిందేమో, చెప్తే నవ్వుతారేమో’ అని నోరు మూసుకున్నారట. పేజీలు నడిపేవాడి పేజీయే పోయిందంటే రేపు పని ఎవరిస్తారు? ఆ భయం నాకూ ఉంది, ఉండి కూడా రాస్తున్నాను.

1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇచ్చాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేశాను. అవి నడుస్తున్నాయి, అందుకే ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు పనికొచ్చినవి పేమెంట్ రసీదు, వాట్సాప్ మాటలు. ఫోన్‌లో ఇచ్చిన హామీలు ఒక్కటీ పనికిరాలేదు, కాబట్టి ఫోన్ పెట్టేశాక ‘ఇందాక మీరు ఇలా అన్నారు కదా’ అని మెసేజ్ పెట్టి ఒప్పుకున్నట్టు రాయించుకోండి. మెటాకి పిన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, గుర్తింపు కార్డు పంపితే 47 రోజులకి ఫేస్‌బుక్ పేజీ వెనక్కి వచ్చింది. అప్పటికి సంక్రాంతి పోయింది, ముక్కనుమ కూడా పోయింది. అడ్వాన్స్‌లో ఒక్క రూపాయి తిరిగి రాలేదు. పిన్నికి నెలకి 3,000 చొప్పున నేను కడుతున్నాను, ఆవిడ వద్దంటూనే తీసుకుంటోంది.

ఇన్‌స్టా ఖాతా ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. మొన్న చూస్తే పేరు మార్చి మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ 26 వేల మందీ అలాగే ఉన్నారు. పాత రీల్ ఒకటి తీసేయడం మర్చిపోయినట్టున్నారు, దాని కింద ఎవరో బెంగళూరు ఆవిడ ‘ఉగాదికి 4 బాక్సులు కావాలండీ, పంపుతారా’ అని అడిగింది. ఆవిడకి నా నంబర్ నుంచి మెసేజ్ పెట్టాను.